కరెంటు తిరిగివచ్చు దారి: పంచాయతీ సభ్యులకు ఒక పాఠము

గ్రామ పంచాయతీ సమావేశములలో కరెంటు ప్రస్తావన రాని సమావేశము అరుదు. వీధిదీపములు వెలుగుట లేదనియు, త్రాగునీటి బోరు మోటారు కాలిపోయినదనియు, బిల్లు బకాయి పెరిగిపోయినదనియు సభ్యులు చెప్పుకొనుచుందురు. ఇవి యన్నియు సొమ్ముతో సరిదిద్దుకొనదగిన కష్టములు. సొమ్ముతో సరిదిద్దరానిది ఒకటి కలదు. అది తడికాళ్లతో స్టార్టరు పెట్టెను తాకిన మనిషి ప్రాణము. ఆ ప్రాణమును కాపాడు విద్య పెద్ద ఇంజనీర్లకు మాత్రమే తెలియదగిన రహస్యము కాదు. ఉన్నత పాఠశాలలో పిల్లలు చదువుకొను భౌతికశాస్త్ర పాఠములోనే అది ఇమిడియున్నది. ఆ పాఠమును హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ప్రాంతముల గ్రామములకు అన్వయించి వివరించుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

విద్యుత్తు మనకు నిన్న మొన్న వచ్చిన వస్తువు కాదు. హిందూపురమునకు పొరుగుననున్న నాటి మైసూరు సంస్థానములో, కావేరి నదిపై శివసముద్రము వద్ద పుట్టించిన విద్యుత్తు 1902లో కోలారు బంగారు గనులకు చేరినది. 1905లో బెంగుళూరు వీధులలో విద్యుద్దీపములు వెలిగినవి. మన రాష్ట్రములో విద్యుత్ బోర్డు 1959లో ఏర్పడినది. 1999లో అది ఉత్పత్తి, ప్రసార సంస్థలుగా విడిపోగా, 2000లో పంపిణీ సంస్థలు వెలసినవి. నేడు శ్రీ సత్యసాయి జిల్లాకు తిరుపతి కేంద్రముగా గల దక్షిణ ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ విద్యుత్తును అందించుచున్నది. ఈ జిల్లాలోని నంబులపూలకుంట వద్ద 2016 నుండి సూర్యరశ్మితోనే విద్యుత్తును తయారు చేయుచున్నారు. నీటితో పుట్టినను, బొగ్గుతో పుట్టినను, ఎండతో పుట్టినను, మన ఇంటికి వచ్చిన పిమ్మట విద్యుత్తు పాటించు ధర్మము ఒక్కటే.

పీడనము, ప్రవాహము, నిరోధము

పంచాయతీ ఓవర్‌హెడ్ ట్యాంకును తలచుకొనుడు. ట్యాంకు ఎంత ఎత్తున నున్నదో, కుళాయి వద్ద నీటికి అంత ఒత్తిడి యుండును. ఆ ఒత్తిడి వంటిదే విద్యుత్ పీడనము. దానిని వోల్టులలో కొలుతురు. గొట్టములో నిమిషమునకు ఎన్ని బిందెల నీరు పారుచున్నదో చెప్పినట్లు, తీగెలో పారు కరెంటును ఆంపియర్లలో చెప్పుదురు. గొట్టము సన్నమైనను, పొడవైనను నీరు తగ్గును. తీగెలో నట్లు ప్రవాహమును అడ్డగించు గుణమునకు నిరోధమని పేరు. దానిని ఓములలో కొలుతురు.

ఈ మూడింటికి గల సంబంధమును జర్మనీ దేశీయుడగు ఓమ్ అను శాస్త్రజ్ఞుడు 1827లో ప్రకటించెను. వోల్టులను ఓములతో భాగించిన ఆంపియర్లు వచ్చును. ఇంతే సూత్రము. మన ఇంటి వోల్టేజి సుమారు 230. ఇస్త్రీపెట్టె నిరోధము 53 ఓములైనచో, దానిలో పారు కరెంటు 230ని 53తో భాగింపగా వచ్చు సుమారు 4.3 ఆంపియర్లు. వోల్టులను ఆంపియర్లతో గుణించిన వాట్లు వచ్చును. కావున ఆ ఇస్త్రీపెట్టె సుమారు 1000 వాట్లది. ఈ లెక్కలు చేయగల సభ్యుడు మిగిలిన పాఠమంతయు సులభముగా గ్రహింపగలడు.

వెళ్లినది తిరిగి రావలెను

నీటి పోలిక ఇచ్చట ఒక చోట చెల్లదు. కుళాయి నుండి పడిన నీరు తిరిగి ట్యాంకునకు పోనక్కరలేదు. కరెంటు అట్లు కాదు. అది బయలుదేరిన చోటికి తిరిగి చేరుటకు దారి యున్నప్పుడే పారును. బ్యాటరీ లైటులో సెల్లు నుండి బల్బునకు, బల్బు నుండి మరల సెల్లునకు దారి పూర్తియైనప్పుడే వెలుగు వచ్చును. ఈ పూర్తియైన దారికే విద్యుద్వలయమని పేరు. స్విచ్చి చేయు పని యంతయు ఆ వలయమును తెంచుట, కలుపుట మాత్రమే.

కరెంటు తీగెపై వాలిన కాకి చావదు. ఏలననగా దాని రెండు కాళ్లును ఒకే తీగెపై నున్నవి. దాని శరీరము ద్వారా తిరిగిపోవుటకు వేరు దారి లేదు. కాని అదే తీగెను నేలపై నిలిచిన మనిషి తాకినచో మరణించును. ఒక్క తీగెనే గదా తాకినాడు, వలయము ఎట్లు పూర్తియైనది? ఈ ప్రశ్నకు సమాధానము తెలిసినవారికి విద్యుత్ భద్రతలో సగము తెలిసినట్లే.

సమాధానము మన ఊరి ట్రాన్స్‌ఫార్మరు వద్ద నున్నది. సబ్‌స్టేషను నుండి 11,000 వోల్టులతో వచ్చు లైనును ట్రాన్స్‌ఫార్మరు తగ్గించి, మూడు ఫేజు తీగెలు, ఒక న్యూట్రల్ తీగెగా ఊరికిచ్చును. రెండు ఫేజుల నడుమ సుమారు 400 వోల్టులును, ఒక ఫేజునకు న్యూట్రలునకు నడుమ సుమారు 230 వోల్టులును ఉండును. మూడు ఫేజులతో బోరు మోటారు తిరుగును. ఒక ఫేజు, న్యూట్రలుతో ఇంటి దీపము వెలుగును. ఈ న్యూట్రలును ట్రాన్స్‌ఫార్మరు వద్దనే భూమిలో పాతిన గొట్టమునకు గట్టిగా కలిపియుందురు. కావున ఊరి నేల యంతయు ట్రాన్స్‌ఫార్మరునకు తిరిగిపోవు ఒక దారియే. నేలపై నిలిచి ఫేజును తాకిన మనిషి ఆ వలయములో తానొక ముక్కయగును.

తడిసిన చర్మము గల మనిషి శరీర నిరోధము సుమారు 1000 ఓములుండును. 230ని 1000తో భాగించిన 0.23 ఆంపియరు, అనగా 230 మిల్లీ ఆంపియర్లు వచ్చును. పది, పదునైదు మిల్లీ ఆంపియర్లకే చేతి కండరములు బిగిసి, పట్టిన తీగెను విడువలేని స్థితి కలుగును. వంద మిల్లీ ఆంపియర్లు గుండెలయను చెరుపగలవు. పొడి చర్మమునకును, ఎండిన చెప్పులకును నిరోధము చాల ఎక్కువ. తడికాళ్లతో స్విచ్చి ముట్టవద్దని పెద్దలు చెప్పు మాటలోని శాస్త్రమిదియే.

వరుసగా కలుపుట, ప్రక్క ప్రక్కన కలుపుట

పెండ్లి పందిళ్లకు కట్టు పాత చిన్న బల్బుల దండలో ఒక బల్బు పోయినచో వరుస యంతయు ఆరిపోవును. అవి ఒకదాని వెంట ఒకటిగా కలుపబడినవి. దీనిని శ్రేణి సంధానమందురు. ఇండ్లలోని దీపములు, పంకాలు ప్రక్క ప్రక్కన కలుపబడినవి. ఇది సమాంతర సంధానము. ప్రతి దానికిని పూర్తి వోల్టేజి అందును. ఒకటి ఆరినను మరియొకటి వెలుగును. అయితే వస్తువులు చేరిన కొలది వాటి కరెంటులన్నియు కూడుకొని వచ్చు తీగెలో పారును.

ఊరి చివరి ఇండ్లలో సాయంకాలము దీపములు మందగించుటకు కారణ మిదియే. ట్రాన్స్‌ఫార్మరు నుండి చివరి స్తంభము వరకు తీగెకు ఒక ఓము నిరోధమున్నదనుకొందము. 10 ఆంపియర్లు పారినప్పుడు దారిలోనే 10 వోల్టులు ఖర్చగును. 30 ఆంపియర్లు పారినప్పుడు 30 వోల్టులు తగ్గి, చివరి ఇంటికి 200 మాత్రమే చేరును. వోల్టేజి తగ్గినప్పుడు మోటారు అదే బరువును లాగుటకు ఎక్కువ కరెంటును తీసికొని, వేడెక్కి, చుట్ట కాలిపోవును. తిరుగుట మొదలిడు క్షణములో మోటారు మామూలుకంటె ఐదారు రెట్లు కరెంటును తీసికొనును. సరఫరా ఆగి వచ్చినప్పుడు పొలములలోని ఆటోమేటిక్ స్టార్టర్లన్నియు ఒక్కమారుగా మోటార్లను తిప్పినచో ట్రాన్స్‌ఫార్మరుపై పడు భారమును ఊహించుకొనవచ్చును. బోరుబావులపైననే సేద్యము ఆధారపడిన మన సీమలో ట్రాన్స్‌ఫార్మరు కాలినదనగా పంట ఎండినదని అర్థము. రైతులు ఒకరి తరువాత నొకరు మోటార్లు వేసికొనునట్లు ఏర్పాటు చేసికొనుట పంచాయతీ పెద్దలు చేయింపదగిన మేలు.

ఫ్యూజు చేయు త్యాగము

తీగెలో కరెంటు రెట్టింపైనచో వేడి రెట్టింపు మాత్రమే కాదు, నాలుగు రెట్లగును. మూడింతలైనచో తొమ్మిది రెట్లగును. ఇంగ్లండు దేశీయుడగు జౌల్ 1840 ప్రాంతమున కనుగొనిన నియమమిది. ఫ్యూజులో వేయు సన్నని తీగె ఈ వేడికి ముందుగా కరగి, తాను నశించి, ఇంటి వైరింగును కాపాడును. ఫ్యూజు మాటిమాటికి పోవుచున్నదని విసిగి, అందులో లావుపాటి రాగి తీగె వేయువారు కలరు. అట్టివారు కాపలావానిని పంపివేసి తలుపు తెరచి పెట్టినవారితో సమానులు. ఫ్యూజు కరుగకున్నచో గోడలోని తీగె కాగును. బోదకప్పు ఇంటిలో అదియే నిప్పుకు మూలమగును. ఫ్యూజు పోయినప్పుడు అడుగవలసిన ప్రశ్న "ఎంత లావు తీగె వేయవలెను?" అనునది కాదు, "ఎందుకు పోయినది?" అనునది. ఇప్పుడు ఫ్యూజునకు బదులు ఎం.సి.బి. అను స్విచ్చి వచ్చినది. అది హద్దు దాటిన వెంటనే తానే పడిపోవును. కారణమును సరిచేసిన పిమ్మట దానిని మరల ఎత్తవలెను. ట్రాన్స్‌ఫార్మరు వద్దనున్న ఫ్యూజును మాత్రము లైన్‌మన్ తప్ప ఎవ్వరును ముట్టరాదు.

ఎండిన నేలలో భూసంధానము

ఇప్పుడు మన ప్రాంతమునకు అన్నింటికంటె ముఖ్యమైన విషయమునకు వచ్చుచున్నాము. మోటారు లోపలి చుట్టపై పూత చెడి, ఫేజు దాని ఇనుప ఒంటికి తగిలినదనుకొందము. మోటారు తిరుగుచునే యుండవచ్చును. కాని దాని ఒంటిపై 230 వోల్టులు పొంచియుండును. ఇందుకే లోహపు ఒడలు గల ప్రతి వస్తువును ఎర్తు తీగెతో భూమికి కలుపవలెనని నియమము. మూడు కడ్డీల ప్లగ్గులో పైనున్న లావైన పొడుగు కడ్డీ ఆ పనికే. తక్కిన రెంటికంటె ముందుగా తగులుటకును, చివర విడుటకును దానిని పొడుగుగా చేసినారు. ఫేజు ఒంటికి తగిలిన క్షణములో కరెంటు ఎర్తు ద్వారా భూమికి, అచ్చటినుండి ట్రాన్స్‌ఫార్మరునకు పెద్ద ఎత్తున పారి, ఫ్యూజును కరగించవలెను.

ఇచ్చట మన నేల స్వభావమును చూడవలెను. పెనుకొండ చుట్టునున్న రాతినేలలు, ఎఱ్ఱనేలలు, దేశములోనే తక్కువ వర్షము కురియు ప్రాంతములలో నొకటిగా పేరుపొందిన ఈ సీమ నేలలు, వేసవిలో పూర్తిగా ఎండిపోవును. ఎండిన నేల కరెంటును సులభముగా పోనీయదు. వానకాలములో ఎర్తు గుంట నిరోధము 5 ఓములున్నదనుకొనుడు. ట్రాన్స్‌ఫార్మరు వద్ద నిరోధమును లెక్కకు తీసికొనక చూచినచో, 230ని 5తో భాగింపగా 46 ఆంపియర్లు పారును. 16 ఆంపియర్ల ఫ్యూజు వెంటనే కరగిపోవును. వేసవిలో అదే గుంట ఎండి 50 ఓములైనదనుకొనుడు. అప్పుడు పారునది 4.6 ఆంపియర్లు మాత్రమే. ఫ్యూజు కరుగదు. మోటారు తిరుగుచునే యుండును. స్టార్టరు పెట్టెపై ప్రమాదకరమగు వోల్టేజి నిలిచియే యుండును. ఎర్తు తీగె కంటికి కనబడుచున్నను కాపాడు శక్తి దానికి లేకపోయినది. బిందె నింపుకొనుటకు వచ్చిన ఆడపడుచు ఆ పెట్టెను ఆనుకొన్నచో ఏమగునో పైన చేసిన లెక్కయే చెప్పును.

దీనికి పరిష్కారము రెండు విధములు. మొదటిది గుంటను సరిగా నిర్మించి, తడిగా నుంచుట. రెండున్నర మీటర్లకు తగ్గని ఇనుప గొట్టమును నిలువుగా పాతి, చుట్టు బొగ్గు, ఉప్పు పొరలు పొరలుగా వేసి, పైన నీరు పోయుటకు గరాటువంటి ఏర్పాటు చేయుదురు. బొగ్గు తేమను పట్టియుంచును. ఉప్పు తడి నేలగుండా కరెంటును సులభముగా పారనిచ్చును. నీరు లేక ఈ రెండును పనికిరావు. వేసవిలో వారమున కొకమారైన రెండు బిందెల నీరు ఆ గుంటలో పోయవలెను. ఖర్చులేని ఈ పని మన పల్లెలలో అన్నిటికంటె సులువుగా మరచిపోవు పని. సంవత్సరమునకొకమారు, అందును వేసవిలోనే, అనుభవజ్ఞునిచే ఎర్తు నిరోధమును కొలిపించుట ఉత్తమము.

రెండవది లీకేజి బ్రేకరు. ఆర్.సి.సి.బి. అను ఈ పరికరము పనిచేయు తీరు మన పాఠములోని మొదటి సూత్రమే. ఫేజులో వెళ్లిన కరెంటు అంతయు న్యూట్రలులో తిరిగి వచ్చుచున్నదా అని అది ఎడతెగక సరిచూచుకొనుచుండును. వెళ్లినదానికి, వచ్చినదానికి తేడా కనిపించినచో, కొంత కరెంటు వేరు దారిని, బహుశః ఒక మనిషి శరీరము గుండా, పోవుచున్నదని గ్రహించి సరఫరాను తెంచును. ఇండ్లకు, పాఠశాలలకు వాడు బ్రేకరు 30 మిల్లీ ఆంపియర్ల తేడాకే కన్నుమూసి తెరచునంతలో పడిపోవును. ఫ్యూజు వైరింగును కాపాడును, లీకేజి బ్రేకరు మనిషిని కాపాడును. ఒకదాని పని మరియొకటి చేయజాలదు. మూడు ఫేజుల మోటార్లకు తగిన బ్రేకరును విద్యుత్ ఇంజనీరు సలహాతో ఎన్నుకొనవలెను.

ధర్మవరములోను, చుట్టుప్రక్కల గ్రామములలోను పట్టుచీరల మగ్గములున్న ఇండ్లవారు ఈ విషయమును ప్రత్యేకముగా గమనింపవలెను. గుంట మగ్గముపై నేయు నేతగాని కాళ్లు రోజంతయు నేలలోని గుంటలో నుండును. ఆ మగ్గమునకు చిన్న మోటారు అమర్చుకొన్న ఇంటిలో, తలపై వ్రేలాడు దీపపు తీగె పూత చిట్లిన ఇంటిలో, ఎర్తు, లీకేజి బ్రేకరు రెండును తప్పక ఉండవలెను.

పడిన తీగె, కంచెకు కట్టిన తీగె

గాలివానకు తీగె తెగి నేలపై పడినచో, దాని చుట్టు నేలలో వోల్టేజి దగ్గర ఎక్కువగాను, దూరముగా పోయిన కొలది తక్కువగాను ఉండును. రెండు పాదములు దూరదూరముగా నున్నచో వాటి నడుమ వోల్టేజి తేడా ఏర్పడి, ఒక కాలి నుండి మరియొక కాలికి కరెంటు పారును. ముందు కాళ్లకు వెనుక కాళ్లకు నడుమ దూరమెక్కువ గనుక ఎద్దులు, ఎనుములు మొదట బలియగును. అట్టి చోట చిక్కుకొన్న మనిషి పాదములను దగ్గరగా నుంచి, నేలనుండి ఎత్తక జరుపుకొనుచు దూరముగా పోవలెను. తక్కినవారు దగ్గరకు రాక 1912 నంబరుకు ఫోను చేసి సరఫరా ఆపించవలెను.

శనగచేనిలో అడవిపందుల బాధ నిజమే. కాని చేని చుట్టు తీగెకట్టి దానికి కరెంటు కలుపుట చట్టవిరుద్ధము, ప్రాణాంతకము. రాత్రివేళ నీరు కట్టుటకు పోవు రైతునకు, గొఱ్ఱెల వెంట పోవు పిల్లవానికి ఆ తీగె పందియా, మనిషియా అని తెలియదు. ఇట్టి కంచెలను ఊరిలో ఎవ్వరును కట్టకుండ చూచుట సభ్యుల బాధ్యత.

కరెంటు తగిలి పడినవానిని వట్టి చేతులతో లాగరాదు. మొదట మెయిన్ స్విచ్చి తీయవలెను. ఇంటి సరఫరా అయి, స్విచ్చి అందనిచో మాత్రమే ఎండిన కఱ్ఱతో తీగెను తొలగించవచ్చును. 11,000 వోల్టుల లైనైనచో కఱ్ఱయు రక్షింపదు. ఊపిరి ఆడనిచో 108 అంబులెన్సును పిలిచి, అది వచ్చువరకు ఛాతీ నడుమ రెండు చేతులతో నిమిషమునకు 100 నుండి 120 మారులు గట్టిగా నొక్కుచుండవలెను.

యూనిట్ల లెక్క

వేయి వాట్ల వస్తువు ఒక గంట పనిచేసినచో ఒక యూనిటు ఖర్చగును. 40 వీధిదీపములు గల గ్రామమును తీసికొందము. పాత ట్యూబులైటు తన చోకుతో కలిసి సుమారు 50 వాట్లు తీసికొనును. రాత్రి 12 గంటలకు 40 దీపములు 24 యూనిట్లు, నెలకు 720 యూనిట్లు తీసికొనును. 18 వాట్ల ఎల్.ఇ.డి. దీపములైనచో రాత్రికి 8.64, నెలకు సుమారు 259 యూనిట్లు మాత్రమే. మిగులు 461 యూనిట్లు. అయితే స్విచ్చి లేక పగలంతయు కూడ దీపములు వెలిగినచో ఖర్చు రెట్టింపై, ఆ మిగులులో సగమునకు పైగా పోవును. ఈ విధముగా మిగిలిన సొమ్మే ఎర్తు గుంటలకును, బ్రేకర్లకును చాలవచ్చును.

సభ్యులు చేయదగిన పనులు

వీధులలో దీపములు ఏర్పాటు చేయుట పంచాయతీ చట్టప్రకారము పంచాయతీ విధులలో ఒకటి. 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణతో చేరిన పదునొకండవ షెడ్యూలులో గ్రామ విద్యుదీకరణము కూడ పేర్కొనబడినది. కావున సభ్యులు వచ్చు సమావేశములో ఈ క్రింది విషయములను చర్చించి తీర్మానించుట మంచిది.

1. త్రాగునీటి బోరు, పాఠశాల, అంగన్వాడి, పంచాయతీ కార్యాలయము, ఈ నాలుగు చోట్ల ఎర్తు గుంటలను పరిశీలించి, వేసవిలో నీరు పోయు బాధ్యతను ఒక వ్యక్తికి అప్పగించుట.

2. పాఠశాలకును అంగన్వాడికిని 30 మిల్లీ ఆంపియర్ల లీకేజి బ్రేకరు పెట్టించుట. దానిపైనున్న పరీక్ష మీటను నెలకొకమారు నొక్కి, పడిపోవుచున్నదో లేదో చూచుట.

3. స్విచ్చి ఫేజు తీగెలోనే ఉన్నదా అని ఎలక్ట్రీషియనుచే చూపించుట. న్యూట్రలులో నున్నచో, దీపము ఆరినను హోల్డరులో కరెంటు నిలిచియుండును.

4. వ్రేలాడు తీగెలు, వంగిన స్తంభములు, కంచె లేని ట్రాన్స్‌ఫార్మరు దిమ్మెల జాబితా తయారుచేసి, విద్యుత్ శాఖవారికి వ్రాతమూలముగా తెలుపుట.

5. వీధిదీపములకు స్విచ్చి లేక టైమరు అమర్చి, పగలు వెలుగకుండ చూచుట.

ఈ ఐదింటిలో మొదటి దానికి కావలసినది రెండు బిందెల నీరు మాత్రమే. వెళ్లిన కరెంటు తిరిగి వచ్చియే తీరును. అది తీగె ద్వారా వచ్చుటయా, మన బిడ్డల శరీరము ద్వారా వచ్చుటయా అనునది మన శ్రద్ధపై ఆధారపడియున్నది. సభ్యులు ఈ వ్యాసమును సమావేశములో చదివి వినిపించి, ఆ సాయంకాలమే బోరు వద్దకు పోయి ఎర్తు గుంట తడిగా నున్నదో లేదో స్వయముగా చూచి వత్తురుగాక.